అయిదు వాట్ల గొంతుక
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్య ప్రసంగములకును, సంగీత కచేరీలకును అలవాటుపడిన ఈ వేదికపై రేడియోను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించినారు. నేను పండితుడను కాను. పగలు కార్యాలయమున దస్త్రములు చూచుకొని, రాత్రి క్వార్టరు డాబాపై తీగ కట్టి మోర్సు మీటను తట్టుకొను సామాన్య గుమాస్తాను. అందుచేత నాకు అనుభవములో నున్న చిన్న విషయమునే మనవి చేసెదను.

ప్రభుత్వమువారి లైసెన్సు పొంది, లాభాపేక్ష లేక, స్వంత యంత్రముతో దేశదేశములలోని తోటివారిని పలుకరించు ఈ వ్యాసంగమును ఔత్సాహిక రేడియో యందురు. లోకవ్యవహారములో దీనికే హామ్ రేడియో యని పేరు. ఇందు పోటీలు కలవు. నిర్ణీతమైన గంటలలో ఎన్ని కేంద్రములను, ఎన్ని దేశములను అందుకొంటిమన్నదే లెక్క. ఏటేట నవంబరు చివరి వారాంతమున జరుగు ప్రపంచవ్యాప్తమైన మోర్సు పోటీ 48 గంటలు సాగును. అందు పెద్ద తరగతివారు 1,500 వాట్ల వరకు వాడవచ్చును. 100 వాట్లకు మించనివారిది రెండవ తరగతి. 5 వాట్లకు మించనివారిది మూడవది. ఈ మూడవ తరగతిని క్యూఆర్‌పీ యందురు. తంతి సంకేతములలో ఆ మూడక్షరములకు శక్తి తగ్గింపుమని అర్థము. అయిదు వాట్లనగా, మన ఇండ్లలో వెలుగు చిన్న ఎల్‌ఇడి దీపము వాడుకొను పాటి శక్తి.

ఈ స్వల్పశక్తితో 160, 80, 40 మీటర్ల బ్యాండులపై, అనగా తక్కువ పౌనఃపున్యములపై, పోటీకి దిగుట మిక్కిలి కష్టము. పగటివేళ అయనావరణపు అడుగున ఏర్పడు డి పొర ఈ తరంగములను మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకిన పిదప ఆ పొర సన్నగిల్లును. అప్పుడు తరంగములు పైపొరలను తాకి, వంగి, దూరదేశములలో దిగును. కనుక ఇది రాత్రి మేలుకొనువారి ఆట. ఎక్కడెక్కడి ఉరుములు మెరుపులో ఈ బ్యాండులపై గరగరమని వినవచ్చును. శీతకాలమున ఆ రొద కొంత తగ్గును. ఇక ఏరియల్ సంగతి. 160 మీటర్లకు డైపోలు కట్టవలెనన్న సుమారు 80 మీటర్ల తీగ కావలెను. క్వార్టరు డాబాపై అంత చోటెక్కడిది? నా డాబాకు 40 మీటర్ల బ్యాండే తగినది. దానికి 20 మీటర్ల తీగ చాలును.

అయినను నిరాశకు కారణము లేదు. 100 వాట్లను 5 వాట్లకు తగ్గించినచో శక్తి ఇరువదవ వంతగును. కాని అవతలివాని యంత్రముపై బలమును చూపు ముల్లు రెండు గీతల కంటె కొంచెము ఎక్కువగా దిగును, అంతే. గొంతు మాసిపోదు, సన్నబడును. ఆ సన్నని గొంతును పట్టుకొను చెవి యొకటి అవతల ఉండవలెను.

ఈ విద్య చరిత్రయే అందుకు సాక్ష్యము. 1921వ సంవత్సరము డిసెంబరులో అమెరికా ఔత్సాహికులు 200 మీటర్ల ప్రాంతపు తరంగములపై అట్లాంటిక్ సముద్రము దాటించుటకు సంకేతములు పంపిరి. వానిని వినుటకు పాల్ గాడ్లీ అను నిపుణుని స్కాట్లండునకు పంపిరి. ఆర్డ్రోసన్ తీరమున, చలిలో, డేరా వేసికొని, వందల అడుగుల పొడవైన బెవరేజి ఏరియల్ పరచుకొని ఆయన రాత్రులు గడిపెను. అమెరికా కేంద్రములు పలువిధముల వినవచ్చినవి. నాటి విజయములో పంపినవారి శక్తి యెంతో, విన్నవాని ఓర్పును అంతే కలదు.

నా అనుభవ మొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట నవంబరు పోటీలో, రాత్రి రెండు గంటల వేళ, ఢిల్లీలోని మా డాబా గదిలో కూర్చుండి ఫిన్లండు కేంద్రమొకదానిని పిలిచితిని. దూరము అయిదువేల కిలోమీటర్లకు పైమాట. నా సంకేతనామములో మొదటి రెండక్షరములు మాత్రమే ఆయనకు అందినవి. ప్రశ్నార్థకముతో మరల అడిగెను. మరల పంపితిని. ఈ మారు చివరి యక్షరమును తప్పుగా గ్రహించెను. మూడవ పర్యాయమును ఫలితము లేదు.

యంత్రముపై శక్తిని పెంచు మర యొకటి ఉన్నది. దానిని ఒక్క పిసరు త్రిప్పినచో 50 వాట్లు వచ్చును. గదిలో నేను తప్ప మరెవ్వరును లేరు. పోటీ నిర్వాహకులు చిట్టాలను సరిపోల్చి తప్పులు పట్టగలరు గాని, ఆ క్షణమున నా చేయి ఎక్కడ ఉన్నదో వారెరుగరు. సత్యము చెప్పెదను: చేయి మర వరకు పోయినది. అక్కడనే ఆగినది. మరల పోయి మీటపై వాలినది. ఫిన్లండు ఆసామి వెనుక ఎందరో బలవంతులు నిరీక్షించుచుండిరి. ఆ సమయములో నలుగురిని పలుకరించి నాలుగు రెట్లు లాభము పొందగలిగియును, ఆయన నన్ను విడువలేదు. నాలుగవ మారు నా పేరు నిలిచినది. నా మండల సంఖ్య 22 ఇచ్చితిని, ఆయన 15 ఇచ్చెను. ఒక ధన్యవాదము, ముగిసినది. ఆ రాత్రి మరి నిద్ర పట్టలేదు.

ఇట్టి చెవికి విలువ కట్టిన పోటీయు కలదు. 160 మీటర్ల బ్యాండుపై దీర్ఘకాలము కృషి చేసిన స్టూవర్ట్ పెర్రీ అను అమెరికా దేశీయుని పేర డిసెంబరులో ఒక పోటీ జరుగును. అందు అంకెలు దూరమునుబట్టి వచ్చును. స్వల్పశక్తితో పలికినవానికే గాక, అట్టివానిని విని అందుకొన్నవానికిని అదనపు విలువ కలదు. మరికొన్ని పోటీలలో వినని యక్షరమును ఊహించి వ్రాసికొన్నచో ఆ సంపర్కము కొట్టివేయుటయే గాక, మరికొన్ని అంకెలను కోసివేయుదురు. వినకయే విన్నట్లు వ్రాయరాదన్నది దీని సారము.

ఇది వట్టి వినోదమని కొందరనవచ్చును. 2004 డిసెంబరులో అండమాను దీవులపై సునామి విరుచుకొని పడినప్పుడు, అదివరకే పోర్టుబ్లెయిరునకు పోయియున్న ఔత్సాహికులు ఆ యంత్రములతోనే క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు అందించిరి. విద్యుత్తు లేనిచోట బ్యాటరీతో పలుకువాని గొంతు సన్నగనే యుండును. వినుట అభ్యాసము చేసినవాడే దానిని వినగలడు. మన హైదరాబాదులో 1983లో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఈ విద్యయందు శిక్షణ ఇచ్చుచున్నది. మన పిల్లలలో ఆసక్తి గలవారు దానిని ఉపయోగించుకొందురు గాక.

సోదరులారా, మన బల్లలపైకి దినమునకెన్నో అర్జీలు వచ్చును. పలుకుబడి గలవారి కాగితము 1,500 వాట్లతో మ్రోగును. మారుమూల గ్రామమునుండి తప్పులతో వ్రాసిన వితంతువు పింఛను కాగితము అయిదు వాట్లదే. మొదటి తడవ రెండక్షరములే అర్థమగును. మరియొక్క మారు అడుగుదమా, ప్రక్కకు నెట్టుదమా యన్నది మన చేతిలోని పని. అటువంటి కాగితము చేతికి వచ్చినప్పుడెల్ల నాకు ఆ ఫిన్లండు ఆసామి జ్ఞప్తికి వచ్చును. ఆయన ముఖము నేనెరుగను. ఆయన నాలుగు పర్యాయములు అడిగెనని మాత్రము ఎరుగుదును.