కమలాపండు తొక్క తీస్తే ఎందుకు మునిగింది?

ఇవాళ మా అక్క గురించి చెప్తాను. అక్క గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్లో టీచర్. వాళ్ల అబ్బాయి మాత్రం ప్రైవేట్ స్కూల్లో నాలుగో క్లాస్. ఎందుకలా అని అడగకండి, అది ఇంకో ఎపిసోడ్.

మొన్న మూడో క్లాసు పిల్లల ముందు బకెట్ నీళ్లు పెట్టి, కమలాపండు మునుగుతుందా తేలుతుందా అని అడిగింది. "బరువుంది కదా టీచర్, మునుగుద్ది" అన్నారు. వేస్తే తేలింది. సరే, తొక్క తీసి వేసింది. బరువు తగ్గింది కాబట్టి ఇంకా బాగా తేలాలి కదా? బుడుంగున మునిగింది! క్లాసంతా గోల. అక్క ఆన్సర్ చెప్పలేదు. తొక్క చేతికిచ్చి నొక్కి చూడమంది. "స్పాంజిలా ఉంది, లోపల గాలుందేమో" అన్నాడొకడు. "మరి కొబ్బరిబోండం అంత బరువుంటది, అదెందుకు తేలుతుంది?" అంది ఇంకో పాప. ఎంక్వైరీ బేస్డ్ టీచింగ్ అంటే ఇదే. మా బీటెక్ ల్యాబుల్లో అయితే రీడింగ్స్ సీనియర్ల రికార్డులోంచి ముందే వచ్చేవి, ప్రయోగం తర్వాత జరిగేది.

అన్నీ ఇలాగే నేర్పొచ్చా అంటే అక్క నవ్వింది. "గుణింతాలు కనిపెట్టమంటే ఎలా కనిపెడతార్రా? అవి మనమే చెప్పాలి."

అసలు గొడవ ఇంట్లో మొదలైంది. మా మేనల్లుడి టెస్టులో ఒక ఖాళీ: బరువైన వస్తువులు నీటిలో... ఏమవుతాయి? వాడు "కొన్ని మునుగుతాయి, కొన్ని తేలుతాయి" అని రాశాడు. మార్కు కట్! పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే "బుక్కులో ఉన్నదే రాయాలి మేడమ్" అన్నారట. టీచర్‌గా అక్కకి వాడి ఆన్సర్ తెగ నచ్చింది. అమ్మగా మాత్రం భయమేసింది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 స్కూళ్లలో ప్రయోగాలతో సైన్స్ నేర్పే కార్యక్రమం మొదలైంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి. అక్కడ పరీక్షకి పుస్తకం తీసుకెళ్లొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి కూడా. అంటే పాఠంతో పాటు పరీక్షనీ మార్చారు. నా దృష్టిలో పాయింటంతా అక్కడే ఉంది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

అక్క ప్రస్తుతానికి కొడుక్కి ఏం చెప్పిందంటే: పేపర్లో బుక్కులోది రాయి, నువ్వు చూసింది ఇంట్లో వేరే నోట్‌బుక్‌లో రాసుకో. నాకిది అస్సలు నచ్చలేదు. తొమ్మిదేళ్లకే రెండు నోట్‌బుక్కులా? అదే అడిగాను.

"నీకు పిల్లలు పుట్టాక మాట్లాడరా" అంది.