న్యాయవాది గావన్ డఫీ

ఐర్లండు స్వాతంత్ర్యసమరమున తుపాకి పట్టినవారి కథలు మన శ్రోతలు వినియేయుందురు. చట్టమును పట్టుకొని నిలిచిన జార్జి గావన్ డఫీని గూర్చి నేడు ముచ్చటింపనెంచితిమి.

1882లో ఇంగ్లండున జన్మించిన ఈయన లండనులో సొలిసిటరు. జర్మనీ సాయము కోరి రాజద్రోహియైనాడని సర్ రోజర్ కేస్‌మెంటుపై 1916లో అభియోగము వచ్చినప్పుడు డఫీ ఆ కేసు చేపట్టెను. కేసు విడువుము, లేదా సంస్థను విడువుమని భాగస్వాములు పట్టుబట్టిరి. ఆయన సంస్థనే విడిచెను. ఆగస్టు 3న కేస్‌మెంటును ఉరితీసిరి. కక్షిదారూ దక్కలేదు, జీవనోపాధియు దక్కలేదు!

మరుసటియేడు డఫీ ఐర్లండులో బారిస్టరయ్యెను. 1918లో సిన్‌ఫెయిన్ పక్షమున ఎన్నికలలో నెగ్గెను. 1921 డిసెంబరు 6న బ్రిటనుతో సంధిపై సంతకము చేసిన ఐదుగురు ఐరిష్ ప్రతినిధులలో ఆయన యొకరు. గత్యంతరము లేకయే ఒప్పుకొంటినని శాసనసభలో దాపరికము లేక చెప్పెను. సంతకము చేసి సణుగుటయేల యని యెవరైన ఆక్షేపింపవచ్చును. మాకు మాత్రము ఆ నిజాయితీ నచ్చినది.

విదేశాంగమంత్రియై ఆరు నెలలైన నిండకముందే, సంధిపై చీలిన ఐరిష్‌వారి నడుమ అంతర్యుద్ధము రేగెను. ఒక ఖైదీ నిర్బంధమునకు సంజాయిషీ చెప్పుమని విప్లవకాలపు న్యాయస్థానము అడుగగా, ప్రభుత్వము ఆ న్యాయస్థానమునే రద్దుచేసెను. ఖైదీ తన ప్రత్యర్థిపక్షమువాడు. అయినను డఫీ రాజీనామా చేసెను.

1936లో న్యాయమూర్తియై, 1946లో హైకోర్టు అధ్యక్షుడై, 1951 జూన్‌లో పదవిలో నుండగనే కన్నుమూసెను.