సంపాతికి తిరిగివచ్చిన రెక్కలు



శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండ చివరి భాగమునకు నేడు వచ్చితిమి. సీతమ్మవారి జాడ తెలియలేదు. సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయినది. అంగదాదులు నిరాశతో ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. దాపుననే వింధ్యపర్వతము మీద సంపాతి యను వృద్ధగృధ్రము ఉండెను. ఇతడు జటాయువునకు అన్నగారు. యౌవనమున తమ్మునితో కలిసి సూర్యుని వెంబడి ఎగిరెను. తమ్ముడు ఎండకు సొమ్మసిల్లుచుండగా తన రెక్కలను గొడుగుగా పట్టెను. తమ్ముడు దక్కెను, అన్న రెక్కలు కాలిపోయెను. ఎగురుటయే బ్రతుకైన పక్షికి రెక్కలు పోవుట ఎట్టిదో ఆలోచింపుడు.

ఈ ఘట్టము చెప్పునప్పుడెల్ల మాకొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. దానిని మనవి చేసెదము.

మాతో పాఠశాలలో వేదము చదువుకొన్న మిత్రుని మనుమడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అక్కడ చిన్న విమానములు సొంతముగా కొనుక్కొని, లైసెన్సు పొంది, సెలవుదినములలో నడుపుకొనువారు కలరు. సెస్నా 172 అను నాలుగు సీట్ల విమానము 1956 నుండి 44,000కు పైగా తయారైనది. ఏబది ఏండ్ల నాటివి కూడ నేటికిని ఎగురుచున్నవి. మా అబ్బాయికి అట్టిది ఒకటి ఉన్నది. అతనికి ఈ విద్యలో తోడుగా నిలిచినవాడు, వయస్సున పెద్దవాడు, మరియొక తెలుగు సోదరుడు. ఆయనయు పదేండ్లు కూడబెట్టిన సొమ్ముతో పాత విమానమొకటి కొనెను. షెడ్డు అద్దెకు స్తోమత చాలక ఆరుబయట మోకులతో కట్టి ఉంచెడివాడు. ఒక రాత్రి గాలివాన, వడగండ్లు పడెను. తెల్లవారునప్పటికి మోకులు తెగి, విమానము తలక్రిందులై, రెక్క విరిగి పడియున్నది.

ఇట్టి సొంత విమానమునకు బీమా ఉండి తీరవలెనని అచ్చటి కేంద్రచట్టము చెప్పదు. ఇతరులకు కలుగు నష్టమునకు ఒక బీమా, విమానమునకే కలుగు నష్టమునకు వేరొక బీమా ఉండును. ఆయన మొదటిది కట్టి, రెండవది భారమని మరుసటి ఏటికి వాయిదా వేసెను. కావున చేతికి పైసా రాలేదు.

ఫోనులో అబ్బాయి ఈ మాట చెప్పగానే మేమేమంటిమో తెలియునా? "ఆయన బీమా ఎందుకు చేయించుకోలేదురా?" అంటిమి. అబ్బాయి కొంతసేపు పలుకలేదు. పిదప, "తాతగారూ, అందరూ అదే అడుగుతున్నారు. ఆయన ఇప్పుడు ఎవరి ఫోనూ తీయడం లేదు. రెక్కలు విరిగిపోయాయి, ఇంక నన్ను వదిలేయండి అన్నాడట" అనెను.

ఇన్నేండ్లు ధర్మము చెప్పిన నోటితో, డెబ్బది దాటిన వయస్సున, మేము మొదట అడిగిన మాట అది. మాకు సిగ్గు కలిగినది. ఆ ప్రశ్నను ఆయన రాత్రులు నిద్రలేక తన్ను తానే అడుగుకొనుచుండును. మనమును అడుగుట పుండుపై కారము చల్లుటయే.

అప్పుడు అబ్బాయికి సంపాతి కథ చెప్పితిమి. రెక్కలు కాలి పడిన సంపాతి ఆరు రాత్రులకు తెలివి తెచ్చుకొని, నిశాకర మహర్షి ఆశ్రమమునకు ప్రాకుచు చేరెను. మహర్షి ఆప్యాయముగా విషయము అడిగి, చెప్పినదంతయు వినెను. సూర్యుని దరికి ఎందుకు పోయితివని నిందింపలేదు. కొండ మీదినుండి పడి చచ్చెదనన్నవానితో ఏమనెనో వినుడు. నీకు రెక్కలు నేడే ఈయగలను, కాని నీవిచ్చటనే ఉండి లోకమునకు మేలు చేయవలసి యున్నది, రామదూతలు వచ్చి నిన్నడుగుదురు, అప్పుడు రెక్కలు వచ్చును అనెను. అనగా, నీతో ఇంకను పని యున్నదని చెప్పెను. ఆ ఒక్క మాట వానిని బ్రతికించినది. కుమారుడు సుపార్శ్వుడు ఆహారము తెచ్చి పోషించెను. అంగదుడు వానిని కొండ దింపెను. వానరులు సముద్రతీరమునకు మోసికొనిపోయి తమ్మునికి తర్పణము విడిపించిరి. ఇదంతయు సాయమే. కాని రెక్కలు ఎప్పుడు మొలచినవి? వానరులకు దారి చూపిన పిదప మొలచినవి. వారికి కాళ్ళున్నవి, చూపు చాలదు. ఇతనికి రెక్కలు లేవు, నూరు యోజనముల అవతలి లంకను చూడగల కన్నులున్నవి.

ఆ శనివారము అబ్బాయి మరి ఇద్దరు పైలట్లతో వారి యింటికి పోయెను. చందా కవరు ఇచ్చిరి. ఆయన అభిమానవంతుడు, పుచ్చుకొనలేదు. వారు పట్టుపట్టక, విరిగిన విమానమును విప్పుటకు తోడు నిలిచిరి. చెడని ఇంజనును, రేడియోలను వేరుచేసి అమ్మించి సొమ్ము ఆయనకే చేర్చిరి. అది ఆయన సొమ్మే, దానము కాదు.

తరువాత అబ్బాయి ఒక సాయము అడిగెను. మేఘములలో బయట ఏమియు కానరానప్పుడు పరికరములను మాత్రమే చూచి విమానము నడుపుట ప్రత్యేకవిద్య. అభ్యాసమునకై పైలటు బయటి దృశ్యము కనబడకుండ ముసుగు వంటిది ధరించును. అట్టివేళ ప్రక్క సీటులో అర్హుడైన మరియొక పైలటు కూర్చుండి ఆకాశమును కనిపెట్టుచుండవలెనని చట్టము. "అన్నా, నేను ముసుగు వేసుకుంటే చూసేవాళ్లు లేరు. మీరు వస్తేగానీ నా చదువు సాగదు" అని ప్రాధేయపడెను. అది నిజమైన అవసరము. ఆయన రెండు వారములు పలుకలేదు. మూడవ వారము వచ్చెను. వచ్చి, తెలియకనే, ముసుగులోనున్నవానికి కన్నులైనాడు.

ఏడాదికి నలుగురు కలిసి ఒక విమానము కొనిరి. అందు ఆయనకును భాగమున్నది. ఎగురకముందే రెండు బీమాలును కట్టిరట. జాగ్రత్తయు ధర్మమే. కాని దానిని చెప్పవలసిన వేళ అది, పడిన మరునాడు కాదు.

సోదరులారా! మన వీధిలోనే ఆటో కాలిపోయినవాడు, వరదలో పాడియావు కొట్టుకొనిపోయినవాడు ఉండవచ్చును. వాని గుమ్మము తొక్కునప్పుడు ఎందుకిట్లు చేసితివని అడుగకుడు. చేతనైన బరువు మోయుడు. కొంత కుదుటపడిన పిదప, వాడు మాత్రమే చేయగల సాయమొకటి మనస్ఫూర్తిగా అడుగుడు. సంపాతికి రెక్కలు మొలిపించిన శ్రీరామచంద్రుడు వానిని గూడ లేవనెత్తును.

స్వస్తి.