చలికాలపు బెండుగాలము

గాలముతో చేపను పట్టువానికి బెండును మించిన తోడు లేదు. కాలువ గట్టున కూర్చున్న పిల్లవాడు మొదలు, చెరువులో కొర్రమీనుకై గంటల తరబడి కాచుకొనియుండు ముసలివాని వరకు, అందరి చూపును కట్టిపెట్టునది అదియే. జొన్నబెండు ముక్కనో, నెమలి ఈకనో దారమునకు కట్టి నీటిపై విడుతురు. అది తేలుచున్నంతసేపు క్రింద ఏమియు లేదు. మునిగినదా, ఏదో ఉన్నది. ఇంత సులభమైన పనిముట్టు గనుకనే, చేపలవేటను గొప్ప విద్యగా అభ్యసించినవారు దీనిని పిల్లల ఆటవస్తువని తీసివేయుట కద్దు. అట్టి బెండే అమెరికా దేశమున టెన్నెస్సీ రాష్ట్రములో, గత శతాబ్దపు చివరి దశకములలో, ఆరితేరిన వేటగాండ్రకు సైతము లొంగని ఒక చిక్కును విడదీసినది. ఆ విధమును గూర్చియే నేడు మేము శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఆ చిక్కు స్మాల్‌మౌత్ బాస్ అను చేపకు సంబంధించినది. పేరును బట్టి చూచిన ఇది చిన్ననోటి చేప. కాని నోరు అంత చిన్నదేమియు కాదు. దీని సోదరజాతియైన లార్జ్‌మౌత్ బాస్‌కు పైదవడ కంటిని దాటి వెనుకకు పోవును. దీనికి కంటి దాపుననే ఆగిపోవును. అంతమాత్రపు భేదము. ఒడలు కంచువన్నె, ప్రక్కల నిలువుచారలు, ఎరుపు తిరిగిన కన్ను దీని గురుతులు. మహాసరస్సులు, మిసిసిపీ, ఒహాయో, టెన్నెస్సీ నదుల పరీవాహక ప్రాంతములు దీని పుట్టినిల్లు. రాతినేల, తేటనీరు, చల్లదనము దీనికి ప్రియము.

1802లో లసెపెద్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి మైక్రోప్టెరస్ అని నామకరణము చేసెను. ఆ మాటకు చిన్నరెక్క గలదని అర్థము. ఆయన చేతికి వచ్చిన చేపకు వీపురెక్క చెడి, వెనుకభాగము చిన్న ముక్కగా విడివడి యుండెను. ఆయన దానిని జాతిలక్షణమని భావించెను. నిజమునకు ఈ చేపకు అట్టి రెక్క లేదు. పేరు మాత్రము నిలిచిపోయినది. మొదటినుండియు ఈ చేప మనుష్యుల ఊహకు చిక్కక తప్పించుకొనుచునే ఉన్నదన్నమాట.

టెన్నెస్సీ, కెంటకీ రాష్ట్రముల సరిహద్దున డేల్ హాలో అను జలాశయము కలదు. ఓబీ నదిపై అమెరికా సైన్యపు ఇంజనీర్ల శాఖవారు 1943లో పూర్తిచేసిన ఆనకట్టవలన ఇది ఏర్పడినది. విల్లో గ్రోవ్ అను ఊరు ఆ నీటి అడుగున ఉన్నది. కృష్ణానదిపై సాగరముల నిర్మాణమున ఊళ్లు మునుగుట ఎరిగిన మనకు ఈ సంగతి క్రొత్త కాదు. కొండల నడుమ నిలిచిన నీరగుటచే ఇది లోతైనది, తేటయైనది. 1955 జూలై 9వ తేదీన డేవిడ్ హేస్ అను నతడు ఇచ్చట 11 పౌండ్ల 15 ఔన్సుల స్మాల్‌మౌత్‌ను, అనగా సుమారు 5 కిలోల 400 గ్రాముల చేపను పట్టెను. ఆ తూకముపై సందేహము లేవగా 1996లో దానిని రికార్డుల నుండి తొలగించిరి. మరల విచారించి 2005లో పునరుద్ధరించిరి. అది వేసవిలో, కదలుచున్న పడవ వెనుక ఎరను లాగుచు పట్టిన చేప. చలికాలపు సంగతి వేరు.

చేప శీతరక్తజీవి. చుట్టునున్న నీరు చల్లబడినకొలది దాని ఒడలును చల్లబడును; జీర్ణశక్తి మందగించును; ఆకలియు, పరుగును తగ్గును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు టెన్నెస్సీ కొండప్రాంతపు జలాశయములలో నీటి ఉష్ణోగ్రత 50 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అనగా 10 సెంటిగ్రేడ్ డిగ్రీలకు దిగువకు దిగును. అప్పుడు స్మాల్‌మౌత్ చేపలు అడుగున రాళ్ల మధ్యను ఉండవు, పైకిని రావు. నిట్టనిలువు రాతిగట్టుల ప్రక్కన, ముప్పది నలువది అడుగుల లోతు గల చోట, పైనుండి పది పన్నెండు అడుగుల దిగువన, నడినీటిలో కదలక మెదలక నిలిచియుండును.

ఎందులకు అచ్చట? దాని ఆహారము అచ్చటనే ఉన్నది గనుక. షాడ్ అను చిన్న వెండిచేపలు ఆ జలాశయములలో గుంపులుగా తిరుగును. ఇవి మన గోదావరి పులసకు దూరపు చుట్టములు. వీనిలో త్రెడ్‌ఫిన్ షాడ్ అను జాతి చలికి ఓర్వలేదు. నీరు 45 ఫారన్‌హీట్ డిగ్రీల ప్రాంతమునకు దిగగానే వీనికి సత్తువ తప్పును. మరికొంత దిగిన గుంపులుగుంపులుగా చచ్చును. చావునకు దగ్గరైన చిన్నచేప ఈదలేక, మునగలేక, నడినీటిలో వణకుచు వ్రేలాడుచుండును. దాని క్రింద స్మాల్‌మౌత్ కాచుకొనియుండును. వెంటాడి పట్టు ఓపిక లేదు. ముక్కు ముందరకు వచ్చి నిలిచినదానిని మాత్రము విడువదు.

ఇక వేటగాని ఇక్కట్టు చూడుడు. ఎరను లాగినచో అది చేప ముందునుండి తుర్రున పోవును, చేప కదలదు. లాగక విడిచినచో సీసపు బరువుచే అది చేపను దాటి అడుగునకు పోవును. నిదానముగా పోవలెను, మునగరాదు. ఈ రెండును ఒకచో కుదురుట లేదు. ఎర ఎంత అందముగా చేసినను, రీలు ఎంత ఖరీదుదైనను ఈ చిక్కు తీరదు. అప్పుడు కొందరు తూర్పు టెన్నెస్సీ వేటగాండ్రు, పిల్లల పనిముట్టని మూల పడవేసిన బెండును తీసి దారమునకు కట్టిరి. ఎర బెండునుండి వ్రేలాడును, కనుక మునగదు. బెండు నీటిపై నిలుచును; కనుక ఎర పరుగెత్తదు. దీనికే ఫ్లోట్ అండ్ ఫ్లై అని పేరు. మన మాటలో బెండు, ఈగ అనవచ్చును.

ఇందలి ఈగ నిజమైన ఈగ కాదు. ఔన్సులో పదునారవ వంతు, అనగా రెండు గ్రాములకు లోపు బరువు గల సీసపు తల. దానికి ఒక ముల్లు. ఆ ముల్లు చుట్టును సన్నని వెంట్రుకలుగాని ఈకలుగాని కట్టిన చిన్న కుచ్చు. తెలుపు, బూడిద, లేతనీలము వంటి షాడ్ వన్నెలు దీనికి వాడుదురు. ఈ వెంట్రుకలలోనే గుట్టు ఉన్నది. ఎర నిలిచియున్నను, నీటి చిన్న కదలికకు అవి ఊపిరి పీల్చుచున్నట్లు విచ్చుకొని ముడుచుకొనును. చావుబ్రతుకుల నడుమనున్న చిన్నచేప రెక్కలాడించినట్లే ఉండును.

దారము మిక్కిలి సన్ననిది. నాలుగు పౌండ్ల బరువును మాత్రము ఓర్చునది. తేటనీటిలో లావుదారము చేపకు కనబడును. బెండు అంగుళము లోపు గుండ్రనిది. మూడు కన్నులు గల చిన్న లోహపు కీలు ఒకటి నడుమ ఉండును: ఒక కంటికి రీలునుండి వచ్చు దారము, ఒక కంటికి బెండు, మూడవ కంటికి ఈగకు పోవు దారము కట్టుదురు. బెండునకును ఈగకును నడుమ దారము ఎనిమిది అడుగుల నుండి పదునాలుగు అడుగుల వరకు ఉండును. ఇంత పొడవును ఆరడుగుల కర్రతో విసరుట కాని పని. కనుకనే తొమ్మిది పది అడుగుల మెత్తని కర్ర కావలెను. అది దారమును ఎత్తి విసరుటకే కాదు. చేప పెనుగులాడునప్పుడు వంగి, సన్నని దారము తెగకుండ కాపాడుటకును ఉపకరించును.

విసరునప్పుడు విసురు పనికిరాదు. ఈగను వెనుకకు వ్రేలాడవిడిచి, కర్రను నెమ్మదిగా ముందునకు ఊపి, రాతిగట్టు ప్రక్కకు పంపవలెను. ఈగ దిగువరకు బెండు ప్రక్కకు వాలియుండును. పూర్తిగా దిగిన పిమ్మట దాని బరువుచే బెండు నిటారుగా లేచును. అప్పుడు కర్రకొనను సన్నగా వణికింపవలెను. బెండు ఉన్నచోటనే కంపించవలెను గాని, జానెడైనను ముందునకు రారాదు. తరువాత ఆపవలెను. మరల వణికించి మరల ఆపవలెను. చిరుగాలికి అలలు లేచిన దినమున ఈ పనియు అక్కరలేదు. అలయే బెండును ఎత్తి దించును. అద్దమువలె నిలిచిన నీటికంటె చిరుగాలి రేగిన నీరే ఈ వేటకు మేలు.

చేప పట్టిన సంగతి రెండు విధముల తెలియును. బెండు మునిగినచో ఎవరికైనను తెలియును. రెండవది కనిపెట్టుటకు కన్ను కావలెను. చేప క్రిందినుండి వచ్చి ఈగను నోటకరచుకొని పైకి లేచును. ఈగ బరువు తొలగుటచే నిటారుగా ఉన్న బెండు ప్రక్కకు పడుకొనును. మునగనేలేదని వేచియుండువాడు ఆ చేపను పోగొట్టుకొనును. బెండు పడుకొన్నను గుంజవలసినదే. అదియును ఝాడించి కాదు. కర్రను పైకెత్తి దారము బిగియునట్లు లాగిన చాలును.

లోతు నిర్ణయించుటయే ఈ విద్యకు ప్రాణము. మొదట ఎనిమిది అడుగులు, ఫలము లేనిచో పది, ఆపై పన్నెండు అడుగులుగా దారమును మార్చి చూతురు. ఒక్క నియమము మరువరాదు. స్మాల్‌మౌత్ పైకి చూచి వేటాడు చేప. ఈగ దానికి రెండడుగులు పైన ఉన్నను లేచి వచ్చును; అడుగు క్రింద ఉన్న చూడనైనను చూడదు. సందేహము కలిగినప్పుడు దారమును కురుచ చేయుటయే యుక్తము.

ఈ విధానములో మరియొక మేలు కలదు. మిక్కిలి లోతునుండి చేపను పైకి లాగినచో, ఒత్తిడి తగ్గి దాని గాలితిత్తి ఉబ్బును; విడిచినను బ్రతుకుట కష్టము. పది పన్నెండు అడుగుల నుండి తెచ్చిన చేపకు ఆ బాధ లేదు. ఉత్తరపు చల్లని నీళ్లలో ఇరువది అంగుళముల స్మాల్‌మౌత్ వయస్సు పదేండ్లు దాటవచ్చును. వసంతమున గూడు చేసి, గ్రుడ్లకును పిల్లలకును కావలి కాయునది ఈ జాతిలో మగచేపయే. అట్టి ముదురు చేపను చంపుట ఒక నిమిషపు పని. మరల పెరుగుటకు పదేండ్లు. కావుననే అచ్చటి వేటగాండ్రలో పలువురు తడిచేతితో పట్టుకొని, ముల్లు తీసి, గడ్డకట్టు గాలిలో దాని మొప్పలు ఆరకముందే నీటిలో విడిచిపెట్టుదురు. మనిషికిని ఆ నీరు చుట్టము కాదు. పడవనుండి అందు పడినవానికి కొలది నిమిషములలోనే చేతులు పట్టు తప్పును. తేలుడు చొక్కా తొడుగుకొనక ఆ వేటకు పోరాదు.

ఇంత చక్కని చేపను మన జలాశయములకు తెచ్చుకొనరాదా అని కొందరికి తోచవచ్చును. తెచ్చుకొనరాదనియే మా మనవి. ఈ చేపను వేట వినోదమునకై దక్షిణాఫ్రికా నదులలో విడిచిరి. అచ్చటి చిన్న దేశవాళీ చేపలు దాని నోట పడి అనేక తావుల కనుమరుగైనవి. జపాను ప్రభుత్వము 2005లో దీనిని హానికరమైన పరదేశజాతుల పట్టికలో చేర్చినది. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా ఎన్ని జలాశయములకు ప్రాకినదో మత్స్యకారులకు తెలియును. నీటిలో విడిచినదానిని మరల ఏరి తీయుట మనుష్యుని తరము కాదు.

చేప అచ్చటనే ఉండనిండు. విద్య మాత్రము మన చెరువుగట్టునకు రావచ్చును. ఎరను ఎట్లు కదిలింతుమా అని గాక, చేప ఏ లోతున ఉన్నది, దానికి ఈ దినమున ఎంత ఓపిక ఉన్నది అని ముందు విచారించుకొనువాడు, చేతనున్నది పది అడుగుల కర్రయైనను వెదురుబెత్తమైనను, వట్టిచేతులతో ఇంటికి పోవుట తక్కువ. ఆ విచారణ చేసిన పిమ్మట మిగులునది, ఎరను తగిన లోతున నిలిపి, బెండుపై చూపు నిలిపి కూర్చుండుటయే.