కనుక్కోవడం కూడా పనే

(గుంతకల్లులో మెకానిక్‌లు, మినీ లారీ యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము మెకానిక్‌లము కాము. దస్త్రాల మధ్య ఉద్యోగకాలం గడిపి విశ్రాంతి పొందిన గుమాస్తాలము. ఇప్పుడు మన పేటల వారికి దరఖాస్తులు రాసిపెట్టడమే మా పని. బండి అప్పు కంతులకు గడువు కోరుతూ వచ్చే పిల్లలను కారణం అడిగితే పలువురి నోట ఒకే మాట వినిపించింది: “ఇంజను మిస్ కొడుతోంది, ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నారు, బండి షెడ్డులో ఉంది.” ఒకే కారణం పదే పదే రాయవలసి వచ్చినప్పుడు గుమాస్తాకు అనుమానం కలగడం సహజం. అందువలన షెడ్లకు వెళ్ళి ఉస్తాదుల దగ్గర కూర్చొని తెలుసుకున్నాము. విన్నది, చూసినది మీ ముందు ఉంచుతున్నాము.

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే. వేరుశనగ చేతికి రాని ఏడు, చేనును నమ్ముకున్న కుటుంబం చక్రాలను నమ్ముకుంటుంది. అప్పు మీద మినీ లారీ తెచ్చి గుత్తికి, ఉరవకొండకు, బళ్ళారికి సరుకు తోలుతారు. బండి షెడ్డులో నిలిచిన రోజు బాడుగ ఉండదు, కంతు మాత్రం ఆగదు.

అటువంటి ఒక కుర్రవాని పెట్రోలు బండి ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొట్టసాగింది. మీటరు మీద ఇంజను దీపం వెలిగింది. ఒక షెడ్డులో సెన్సార్ మార్చారు. పది రోజులకు మళ్ళీ అదే దీపం. మరొక షెడ్డులో మరొక సెన్సార్. మూడవ చోట ఒక వృద్ధ ఉస్తాదు, తెల్లవారుజామున బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, మానిఫోల్డు దగ్గర చెవి ఒగ్గి విన్నారు. గ్యాస్కెట్ అంచున నల్లని మసి చార చూపించారు. గ్యాస్కెట్ మార్చి, మసి పట్టిన ప్లగ్గులు మార్చగానే ఇంజను కుదుటపడింది. అయిన ఖర్చు వందలలోనే. పాడుకాని సెన్సార్ల మీద అప్పటికే వేలు పోయాయి.

అసలు ఈ సెన్సార్ చేసే పని ఏమిటి? జర్మనీకి చెందిన బాష్ సంస్థ దీనిని రూపొందించగా, 1976లో వోల్వో కార్లలో మొదట అమర్చారు. సీసం కలిసిన పెట్రోలు దీనికి విషం. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నియమాలు వచ్చాయి; ఇప్పటి చిన్న పెట్రోలు సరుకు బండ్లలో కూడా ఇవి ఉంటాయి. దీని కొనలో జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థం ఉంటుంది. దానికి ఒకవైపు సైలెన్సర్‌లోని పొగ, మరొకవైపు బయటి గాలి. సుమారు 300 డిగ్రీల వేడి ఎక్కిన తరువాత, ఇరువైపుల ఆక్సిజన్ తేడాను బట్టి స్వల్ప వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువై పొగలో ఆక్సిజన్ తగ్గితే 0.9 వోల్టుల దరికి, గాలి ఎక్కువైతే 0.1 దరికి చేరుతుంది. దానిని చూసి కంప్యూటరు, కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి నిష్పత్తికి ఇంధనాన్ని సరిచేస్తుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. సెన్సార్ పెట్రోలును చూడదు, ఆక్సిజన్‌నే చూస్తుంది. ఒక సిలిండరులో నిప్పురవ్వ పడకపోతే మండని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సార్ ‘గాలి ఎక్కువైంది’ అని చెబుతుంది. కంప్యూటరు ఇంకా పెట్రోలు పోస్తుంది. సెన్సార్‌కు ముందు పైపు చిరిగి బయటి గాలి లోనికి వచ్చినా ఇదే జరుగుతుంది. చెప్పిన కబురు నిజమే, పాడైనది మరొకటి. కబురు తెచ్చినవానిని విప్పి పారవేస్తున్నాము.

కనుక ఉస్తాదులు మాకు చెప్పిన క్రమం ఇది. స్కానర్‌లో కనిపించిన కోడ్‌ను చెరిపివేయక ముందు కాగితం మీద రాసుకోవాలి. పి0135 వంటిది సెన్సార్‌లోని హీటరు తీగకు సంబంధించినది. పి0171 పొగలో గాలి ఎక్కువైనదని మాత్రమే చెబుతుంది, సెన్సార్ పోయిందని చెప్పదు. పి0301 మొదలైనవి ఏ సిలిండరు మిస్ కొడుతున్నదో చూపుతాయి. ఆ సిలిండరు కాయిల్‌ను పక్కదానితో మార్చి చూడాలి. కోడ్ కూడా పక్కకు జరిగితే దొంగ కాయిలే. తరువాత ప్లగ్గులు, మానిఫోల్డు గ్యాస్కెట్, గాలి గొట్టాలు. ఆ తరువాతనే సెన్సార్. ముందు దాని ఫ్యూజు, కనెక్టరు, సైలెన్సర్‌కు తగిలి కరిగిన తీగలు చూడాలి. హీటరు తీగలు రెండూ చాలా సెన్సార్లలో తెల్లనివి. వాటి మధ్య మీటరు పెడితే అసలు కనెక్షనే చూపకపోతే హీటరు తెగినట్లే. ఇంజను వేడెక్కిన తరువాత స్కానర్‌లో సెన్సార్ వోల్టేజి పైకీ కిందికీ ఊగుతూ ఉండాలి. ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కితే ఎగరాలి, గాలి గొట్టం ఒకటి ఊడదీస్తే పడిపోవాలి. వెంటనే స్పందిస్తే సెన్సార్ బ్రతికే ఉన్నది. 0.45 దగ్గర కదలక నిలిచిపోతే దానిని అనుమానించవచ్చు. ఈ లెక్క పాత రకం సెన్సార్‌కే వర్తిస్తుంది. విశాల పరిధి సెన్సార్ ఉన్న బండికి కంపెనీ పుస్తకం చూడక తప్పదు.

మార్చవలసినదే అయితే, ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు, తీగ దూరడానికి చీలిక ఉన్న సాకెట్‌తో విప్పాలి. మామూలు పానాతో పీకితే మరలు చెడిపోతాయి. కొత్తదాని కొనకు చేయి గానీ గ్రీజు గానీ తగలరాదు. దగ్గరలో సిలికాన్ గమ్ము వాడరాదు, అది కూడా సీసం వలెనే సెన్సార్‌ను చంపుతుంది. తీగలు కోసి అతుకువేసే అలవాటు మానాలి. చాలా సెన్సార్లు బయటి గాలిని ఆ తీగల సందుల గుండానే పీల్చుకుంటాయి. మిస్ కొట్టడానికి కారణం తీర్చకుండా సెన్సార్ ఒక్కటే మారిస్తే మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దానిని కరిగిస్తుంది. ఆ ఖర్చు ముందు సెన్సార్ ధర లెక్కలోనిది కాదు. పెద్ద డీజిలు లారీల సంగతి వేరు. వాటికి ప్లగ్గులే లేవు. అక్కడ ఇంజను కొట్టుకుంటే ముందు ఇంజెక్టర్లను చూస్తారు.

ఇంత వెతకడానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆ గంటలకు మన షెడ్లలో కూలి లేదు. సామాను మారిస్తేనే డబ్బు. “చూసినందుకు డబ్బులేమిటి?” అని యజమాని అడుగుతాడు. అందువలననే వెతకకుండా మార్చే పద్ధతి వచ్చింది. దీనికి మెకానిక్ ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. వైద్యుడు చూసినందుకు రుసుము చెల్లిస్తున్నాము కదా. తనిఖీకి ఇంత అని గోడ మీద రాసిపెట్టండి. యజమానులారా, అది చెల్లించండి.

2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం కార్మికులు అధికంగా ఉన్న వృత్తులలో మోటారు వాహనాల మరమ్మతును కూడా పేర్కొన్నది. అయినా 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో మోటారు మెకానిక్‌కు చోటు లేదు. తాళాలు చేసేవారు, దర్జీలు, క్షురకులు ఉన్నారు. వారికి దక్కినందుకు మాకు సంతోషమే, కానీ పానాలు పట్టిన చేయి కూడా చేతివృత్తే కదా! స్కానర్ కొనడానికి పనిముట్ల సహాయం ఎవరికన్నా అవసరమైతే వీరికే. ఈ విషయమై వినతిపత్రం సిద్ధం చేశాము. ఆవిరి ఇంజన్లు పోయి డీజిలువి, డీజిలువి పోయి కరెంటువి రావడం చూసిన రైల్వే ఊరు మనది. అక్కడ కొత్త పని నేర్పే బాధ్యత రైల్వేది. షెడ్డు ఉస్తాదుకు ఆ ఏర్పాటు చేసేవారెవరు?

మరొక దారి కూడా ఉన్నది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, చదువు లేకున్నా ముందే నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే విభాగం ఉన్నది. ముప్పై ఏళ్ళ అనుభవానికి కాగితం ఎందుకని కొందరు ఉస్తాదులు అడిగారు. బ్యాంకు అడుగుతుంది కనుక.

నాలుగైదు షెడ్లు కలిసి ఒక మంచి స్కానర్ కొనాలనే ప్రతిపాదన ఈ సభలోనే వచ్చింది. అది ఎవరి షెడ్డులో ఉండాలి, వాడిన ప్రతిసారీ ఎంత చెల్లించాలి అన్నది ముందే రాసుకుంటే తరువాత మాట పడదు. ఐటీఐ చదివే పిల్లలు సాయంత్రాలు ఉస్తాదుల దగ్గర కూర్చుంటే, స్కానర్ తెర మీది ఇంగ్లీషు వారు చదువుతారు, ఇంజను శబ్దం ఉస్తాదులు చదువుతారు. వినతిపత్రం మీద సంతకాలు చేయవలసినవారు ఇక్కడే చేయండి. ధ్రువపత్రం పరీక్షకు వచ్చేవారు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళు, రెండు ఫోటోలు తెచ్చి మాకివ్వండి. దరఖాస్తులు మేము రాస్తాము.