ముధోల్ కుక్క, మూడు బస్తాల చెక్క

(గుత్తిలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



పాల సంఘం సమావేశంలో కుక్క ప్రస్తావన ఎందుకని మీరు అనుకోవచ్చు. లెక్కలు, ఆడిట్ అభ్యంతరాలు, బోనసు గురించి మేము ప్రతి యేటా చెబుతూనే ఉన్నాము. ఈసారి మా ఇంట్లో జరిగినది చెబుతాము. అది తిరిగి తిరిగి మీ పాల క్యాను దగ్గరికే వస్తుంది. మేము పశువైద్యులము కాము, సహకార డిప్లొమా చదివినవారము. వైద్యపు మాటలు మేము చెప్పినా అవి డాక్టరుగారి దగ్గర విన్నవే.

గ్రేహౌండ్స్ అనగానే మనవారికి 1989లో ఏర్పడిన పోలీసు దళమే గుర్తుకు వస్తుంది. ఆ పేరు ఒక జాతి వేటకుక్కది. సన్నని నడుము, పొడుగాటి కాళ్ళు, చూపుతో వేటను పట్టి పరుగెత్తే రకము. మన దక్కను మెట్టలో దానికి దాయాది ముధోల్ కుక్క. కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ముధోల్ సంస్థానపు రాజులు ఘోర్పడేవారు దీనిని పోషించి పేరు తెచ్చారు. 2005లో మన తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. అటువంటి పిల్లను ఒకదానిని మేము పదేళ్ళ క్రిందట తెచ్చుకున్నాము. పేరు చిరుత.

దీని మేపు గురించి రెండు మాటలు. పక్కటెముకలు కనిపించడము ఈ జాతికి సహజము. వచ్చినవారంతా "సార్ ఇంట్లో కుక్కకు కూడు పెట్టరా?" అని అడిగేవారు. ఆ మాటకు సిగ్గుపడి మేము మొదట్లో తెగ మేపి దానిని పాడు చేశాము. తరువాత డాక్టరుగారు చెప్పినట్లు రాగి సంకటి, మజ్జిగ, ఉడికించిన గుడ్డు, వారానికి రెండు పూటలు ఉడికించిన మాంసము, అదీ రెండు పూటలకు పంచి పెట్టాము. మేత తిన్న వెంటనే పరుగుకు వదలరాదు, కడుపు ఉబ్బి మెలిపడితే గంటలలో ప్రాణము పోతుంది. గొర్రెలను కోసినచోట పచ్చి కార్జము, ఊపిరితిత్తులు కుక్కకు వేయరాదు. అందులోని తిత్తుల వల్ల కుక్క కడుపులో బద్దెపురుగులు పుట్టి, వాటి గుడ్లు మేతలో కలిసి మళ్ళీ గొర్రెకు, పశువుకు, మనిషికి కూడా వస్తాయి. గొర్రెలున్న సభ్యులు దీనిని తప్పక గమనించగలరు.

చిరుతకు నాలుగో ఏట పిడుదుల జ్వరము వచ్చింది. ముక్కున నెత్తురు కారింది, చిగుళ్ళు సున్నము పూసినట్లు తెల్లబడ్డాయి. డాక్టరుగారు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు వేయమన్నారు. పదో రోజుకే లేచి తిరుగుతూంటే ఇక చాలునని మేము అన్నాము. మా ఇంటామె ఒప్పుకోలేదు. క్యాలెండరులో గీతలు కొట్టి ఇరవై ఎనిమిదీ పూర్తి చేసింది, కొట్టము గోడ పగుళ్ళలో దాగిన పిడుదులకు మందు కొట్టించింది. మరో నెలకు కుక్క మునుపటివలె గుత్తి కోట కొండ మొదలు దాకా మాతో వచ్చి, మా కంటె ముందు ఇల్లు చేరేది.

ఇక అసలు సంగతి. ఒక యేడు మన మెట్టలో ఆఖరి వానలు ఎగగొట్టాయి. కాయ ఊరే వేళ బెట్ట తగిలితే శెనక్కాయకు భూమిలోనే బూజు పడుతుందని మీలో పెద్దలకు తెలుసు. మేతకు కరువు, చెక్కకు ధర. ఒకచోట చౌకగా దొరికిందని మూడు బస్తాల వేరుశనగ చెక్క తెచ్చి, కారే కొట్టములో నేల మీదనే వేశాము. తప్పు మాదే. కొన్నాళ్ళకు అడుగున గడ్డలు కట్టి ముక్క వాసన వేసింది. ఎండబెట్టి, వాసన పోయిందని మళ్ళీ కుడితి తొట్టిలో నానబెట్టాము. ఎనుము తాగేది, తొట్టి అంచున మిగిలినది చిరుత నాకేది.

వారము దాటకుండానే కుక్క మేత మానింది. వాంతులు, నల్లని విరేచనము, కళ్ళు పసుపు తేలాయి. డాక్టరుగారు సెలైన్ ఎక్కిస్తూ, "దీనికి ఏమి పెడుతున్నారు?" అని కాదు, "ఇది ఎక్కడెక్కడ నాకుతోంది?" అని అడిగారు. తొట్టి చూపించాము. ఈ బూజు విషానికి విరుగుడు లేదన్నారు. ఆరో నాడు తెల్లవారుజామున మా ఇంటామె ఒడిలో తల పెట్టుకుని పోయింది. వేపచెట్టు కింద పూడ్చాము. ఆమె రెండు రోజులు అన్నము ముట్టలేదు. ఈ వయసులో కుక్క కోసము ఏడ్చామని చెప్పుకొనడానికి మాకు మొహమాటము లేదు.

పూడ్చి వచ్చాక డాక్టరుగారు అడిగిన రెండో ప్రశ్న ఇది: "మీ ఎనుము పాలు ఎక్కడికి పోతున్నాయి?"

సంఘానికే పోతున్నాయి. సభ్యత్వము మా ఇంటామె పేరున ఉన్నది. ఎనుము చూడడానికి బాగానే ఉన్నది. వెన్న శాతము, లాక్టోమీటరు అన్నీ సరిగానే వచ్చాయి. ఆ వారము మాకు మంచి ధరే పడింది.

ఆ విషము పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు చనిపోతే, బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్కలో అది బయటపడింది. 1974లో గుజరాతు పంచమహల్, రాజస్థాన్ బాన్స్‌వాడా ప్రాంతాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా కామెర్లతో మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు దానిని పరిశోధించారు. ఆ ఇళ్ళలో అదే కూడు తిన్న కుక్కలు కూడా చనిపోయాయి. పాడిపశువు దీనికి వెంటనే పడిపోదు, తిన్నదానిలో కొంత భాగాన్ని ఒక రోజులోపే పాలలోకి దింపుతుంది. కాచినా పోదు, పాశ్చరైజు చేసినా పోదు. కిలో పాలలో అర మైక్రోగ్రాము మించరాదని ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన. మన సంఘంలోని పరికరాలకు అది కనపడదు. పసిబిడ్డలకే పాలు ఎక్కువ పోస్తామని మీకు చెప్పనక్కరలేదు.

మా చెక్కను మేము ప్రయోగశాలకు పంపలేదు కనుక డాక్టరుగారిది అనుమానమే. అయినా ఆ సాయంత్రమే సెక్రటరీగారికి చెప్పి పాలు పోయడము మానాము. మేపు మార్చిన తరువాత మూడు నాలుగు రోజులలో పాలు తేటపడతాయని చెప్పారు, మేము వారము ఆగాము. ఒక ఇన్‌స్పెక్టరు ఇంటి పాలు నిలిపితే ఊళ్ళో ఏమనుకుంటారోనని మా ఇంటామె కొంచెము వెనుకాడింది, మేమూ వెనుకాడాము. మిగిలిన రెండు బస్తాలకు పైగా చెక్కను గొర్రెలకు వేసుకుంటామని ఒకరు సగము ధరకు అడిగారు. ఇవ్వలేదు. గుంత తీసి పూడ్చాము.

బస్తాలో ఒక మూల బాగుండి మరొక మూల చెడి ఉండవచ్చు, కనుక పైన దోసెడు చూసి కొనవద్దు. చెక్క బస్తాలను చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడముగా వేయండి. గడ్డ కట్టినదానిని ఎండబెట్టినా, వేయించినా పనికి రాదు. కొత్త కాయను గలగలలాడేదాకా ఎండనిచ్చి మరీ నిలవ చేయండి.

డాక్టరుగారు భోజనాల వేళ వరకు ఇక్కడే ఉంటారు. ఇళ్ళు దగ్గరగా ఉన్నవారు ఇప్పుడే వెళ్ళి మీ బస్తా అడుగు నుండి గుప్పెడు చెక్క కాగితములో పొట్లము కట్టి తెండి. ఆయన చూస్తానన్నారు.