ఒంట్లోని నిప్పు – దాని కాపలా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మేము ఎంచుకున్న విషయం కంటికి కనిపించని ఒక ప్రోటీనును గురించినది. పేరు కాస్త నోరు తిరగనిది – ఎన్.ఎఫ్. కప్పా బి. పేరు మరచిపోయినా ఫరవాలేదు, దాని పని మాత్రం గుర్తుంచుకోండి. ఎందుకంటే మన ఇళ్లలో కీళ్ల నొప్పులకూ, ఆయాసానికీ మింగుతున్న కొన్ని మాత్రలకు దీనితో దగ్గర సంబంధం ఉన్నది.

వేలికి ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, పుస్తకాలలో శోథ అని రాస్తారు. మనం దీన్ని జబ్బు అనుకుంటాము గాని, నిజానికిది ఒంటికి రక్షణ. రక్తనాళాలు వెడల్పై, తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుకొచ్చి సూక్ష్మజీవులను చంపుతాయి. మరి ఈ సైన్యాన్ని పిలిచేదెవరు? పని అయ్యాక వెనక్కు పంపేదెవరు?

1986లో అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రోటీనును కనిపెట్టారు. బాల్టిమోర్ గారు అంతకుముందే, 1975లో, వేరొక పరిశోధనకు నోబెల్ బహుమతి అందుకున్నవారు. మొదట ఇది రక్తంలోని బి కణాలకు మాత్రమే చెందినదనుకున్నారు. తరువాత చూస్తే ఒంట్లో దాదాపు అన్ని రకాల కణాలలోనూ ఉన్నది!

ఇది పని చేసే తీరు వినండి. ప్రతి కణం కేంద్రకంలోనూ జన్యువులుంటాయి. అవి వంటల పుస్తకంలో పేజీల వంటివి. ఏ పేజీ ఎప్పుడు తెరవాలో నిర్ణయించే ప్రోటీనులను ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనం చెప్పుకుంటున్నది అటువంటిదే. మామూలు వేళల్లో ఇది కేంద్రకం బయటే ఉంటుంది. ఐ కప్పా బి అనే కాపలావాడు దీన్ని గట్టిగా పట్టుకుని కదలనివ్వడు. సూక్ష్మజీవి చొరబడిందన్న కబురు అందగానే, ఐ.కె.కె. అనే ఎంజైము ఆ కాపలావాడి మీద ఫాస్ఫేటు ముద్ర వేస్తుంది. ముద్ర పడినవాణ్ణి కణమే ముక్కలు చేసేస్తుంది. ఇక పట్టు విడిపోయిన ప్రోటీను నిమిషాలలో కేంద్రకంలోకి పోయి, టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 మొదలైన పదార్థాల జన్యువులను మేల్కొల్పుతుంది. సైన్యాన్ని పిలిచే కేకలు అవే.

అసలు విశేషం ఇంకొకటి. అది మేల్కొలిపే జన్యువులలో తన కాపలావాణ్ణి తయారుచేసే జన్యువు కూడా ఒకటి! అంటే తనను మళ్లీ పట్టి కట్టేసేవాణ్ణి తానే పుట్టిస్తుంది. నిప్పు రాజేసిన చేతితోనే నీళ్ల బిందె కూడా సిద్ధం చేసుకున్నట్లు.

ఈ ఏర్పాటు రెండు విధాలుగా చెడవచ్చు. ఈ దారిలోని నీమో అనే ప్రోటీనులో పుట్టుకతో లోపమున్న కొందరు పిల్లలకు మాటిమాటికీ తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. అక్కడ నిప్పు సరిగ్గా రాజుకోదు. రెండవది, ఆరకపోవడం. రుమటాయిడ్ కీళ్లవాతంలో టి.ఎన్.ఎఫ్. ఈ ప్రోటీనును లేపుతుంది, ఇది మళ్లీ టి.ఎన్.ఎఫ్.ను పుట్టిస్తుంది. అట్లా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ కీళ్లను అరగదీస్తాయి. ఆస్తమాలోనూ, పేగుల వాపులోనూ, కొన్ని క్యాన్సర్లలోనూ దీని చేయి ఉన్నది.

అయితే దీన్ని పూర్తిగా ఆర్పేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. పొయ్యిలో నిప్పు అన్నం వండుతుంది, అదే కప్పుకు అంటుకుంటే ఇల్లు కాలుతుంది. అట్లాగని పొయ్యే తీసేస్తే పస్తులే కదా! స్టెరాయిడ్ మందులు చేసే ముఖ్యమైన పనులలో ఈ ప్రోటీనును అణచడం ఒకటి. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో, వెంటిలేటరు మీదున్న కోవిడ్ రోగులలో డెక్సామెథసోన్ మరణాలను మూడింట ఒక వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు మాత్రం అది మేలు చేయలేదు. 2021లో మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారికి, స్టెరాయిడ్లు విచ్చలవిడిగా వాడినవారికి బ్లాక్ ఫంగస్ సోకి ఎన్ని కళ్లు పోయాయో మనమెరుగుదుము. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక తెలియపరచవలసిన వ్యాధిగా ప్రకటించింది.

మా ఇంటి సంగతే చెబుతాము. మా ఖాలా మోకాళ్ల నొప్పులతో బాధపడుతుంటే ఎవరో పొట్లంలో చిన్న చిన్న మాత్రలు కట్టిచ్చారు. రెండు రోజులకే నడిచింది. "ఇది మందు కాదురా, మంత్రం!" అన్నది. మేమూ సంతోషించామే గాని, అదేమి మందని అడగలేదు. కొన్ని నెలలకు ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది, చిన్నగా జారిపడితే మణికట్టు విరిగింది. భయపడి మాత్రలు ఒక్కసారిగా మానేస్తే సొమ్మసిల్లి పడిపోయింది. అవి స్టెరాయిడ్లని ఆస్పత్రిలో చెప్పారు. ఎక్కువ కాలం వాడినవాళ్లు మెల్లమెల్లగా తగ్గించాలని అప్పుడు తెలిసింది. అడగకపోవడం మా తప్పే.

కాబట్టి మా మనవి ఇంతే. పేరులేని పొట్లం మాత్రలు మింగకండి. డాక్టరు రాసిన స్టెరాయిడును భయపడి మీకై మీరు మానకండి, బాగున్నదని మీకై మీరు పొడిగించకండి. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఈ వారమే ఒకసారి తెరిచి చూడండి. ఏ మాత్ర ఏదో తెలియకపోతే పట్టుకుపోయి డాక్టరును అడగండి. ఒంట్లోని నిప్పు మనకు శత్రువు కాదు. దానికి కాపలా సరిగా ఉండాలి, అంతే.